ఆ పిల్ల వంతు బుడ్డలు

ఉద్యోగంలో కొత్తగా చేరిన అమ్మాయిలు అప్పుడప్పుడు వనపర్తిలో మా ఇంటికి వస్తుంటారు. చేతిలో ఫోను, సంచీలో శిక్షణ పుస్తకం. "మేడం, శాంతి స్థాపనలో మహిళల పాత్ర మీద మీ అనుభవాలు చెప్పండి" అంటారు. నాకు ముందు నవ్వొస్తుంది, తర్వాత కోపం వస్తుంది, ఆ తర్వాత వాళ్ళకు టీ పెట్టలేదని గుర్తొస్తుంది. ఆ మాటే మా రోజుల్లో మాకు తెలియదు తల్లీ. తెలిసి ఉంటే ఇంకో నాలుగు తప్పులు ఎక్కువ చేసేవాళ్ళం. నేను చూసింది బుడ్డలు ఒలవడం. అదే చెబుతాను, మీకు పనికొస్తే వాడుకోండి.

వేరుశనగకాయల్ని మా పాలమూరులో బుడ్డలంటారు. నేను మహిళా సంఘాల కార్యక్రమంలో ఊళ్ళు తిరిగే కార్యకర్తను. ఇప్పుడు గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ అని మూడు జిల్లాల పేర్లు చెప్పాలి గానీ, రెండువేల తర్వాత ఆ తొలి ఏళ్ళలో అంతా ఒకటే జిల్లా, అందరిదీ ఒకటే కరువు. కొల్లాపురం దాటి సోమశిల వైపు పోయే దారిలో, అడవి అంచున ఉన్న ఊళ్ళు నాకు అప్పగించారు. నా మీద నమ్మకంతో కాదు, మిగతావాళ్ళు మేం పోమన్నారు కాబట్టి. ఆ ఊళ్ళకు పగలు పోలీసులు వచ్చేవాళ్ళు, పొద్దుగూకితే అన్నలు వచ్చేవాళ్ళు. అన్నలంటే అడవిలో తుపాకులు పట్టుకుని తిరిగే దళంవాళ్ళు. మగవాళ్ళలో సగం మంది బొంబాయికో పుణేకో మట్టిపనికి పోయారు. మిగిలినవాళ్ళు ఎవరితో ఏం మాట్లాడితే ఏం ముంచుకొస్తుందోనని నోరు కుట్టేసుకున్నారు. ఊళ్ళో మాట్లాడే పని కూడా ఆడవాళ్ళ మీదే పడింది. నీళ్ళు మోసేది వాళ్ళే, మాటలు మోసేది వాళ్ళే.

నేను చెప్పే ఊళ్ళో రెండు వీధులు. మీది గేరి, కింది గేరి అనేవాళ్ళు. దసరా పోయాక యాసంగి బుడ్డలు విత్తే ముందు ఆ ఊరికొక ఆచారం ఉండేది. విత్తనం కాయను మిషన్లో వేస్తే గింజ ముక్కు విరుగుతుంది, విరిగిన గింజ మొలవదు. అందుకని చేత్తోనే ఒలవాలి. రెండు గేరుల ఆడవాళ్ళూ ఈ రోజు ఒకరింట్లో, రేపు ఇంకొకరింట్లో వాకిట్లో కూర్చుని ఒలిచేవాళ్ళు. కూలి లేదు. ఇంటావిడ టీ పోస్తుంది, పోయేటప్పుడు కొంగులో దోసెడు గింజలు పోస్తుంది, అంతే. కూర్చోగానే ఒక్కొక్కరి ముందు ఒక కుప్ప పోసేవాళ్ళు. అది ఆమె వంతు. ఎంత ఆలస్యమైనా ఒకరి వంతు ఇంకొకరు ముట్టరు. ఎవరైనా రాలేకపోతే ఆమె వంతు ఒక మూల చేటలో అలాగే ఉండేది, మర్నాడు వచ్చి ఒలిచి పోయేది. బొటనవేళ్ళు పొక్కి పోయేవి గానీ నోళ్ళు ఆగేవి కావు. ఏ కోడలికి ఎన్నో నెల, ఏ మొగుడు డబ్బులు పంపలేదు, అన్నీ అక్కడే తేలేవి. ఇద్దరి మధ్య మాటలు పోయి ఉంటే కావాలని పక్కపక్కన కూర్చోబెట్టేవాళ్ళు.

నేను ఆ ఊరికి వెళ్ళేసరికి ఆ ఆచారం ఆగిపోయి కొన్నేళ్ళయింది.

కారణం ఊరంతటికీ తెలుసు, ఎవరూ నోటితో చెప్పరు. కింది గేరిలో ఒకామె కూతురు పది దాకా చదివి, ఇంటర్‌లో చేరి, ఒకరోజు కాలేజీకని పోయి దళంలో కలిసింది. ఆ మరుసటి ఏడు మీది గేరిలో ఒక రైతును, పోలీసులకు ఉప్పందిస్తున్నాడన్న అనుమానంతో, మునిమాపు వేళ దళంవాళ్ళు వాకిట్లోంచి పిలుచుకుపోయారు. మర్నాడు చెలకలో శవం దొరికింది. వచ్చినవాళ్ళలో ఒక ఆడమనిషి ఉందని, మొహానికి తువాలు కట్టుకుని గడప దగ్గర నిలబడిందని, ఒక్క మాట కూడా మాట్లాడలేదని అతని భార్య చెప్పింది. తర్వాత పోలీసులు వచ్చి కింది గేరిని చితకబాదారు. గోరుచుట్టు మీద రోకటి పోటు. ఆనాటి నుంచి ఆ గేరివాళ్ళు ఈ గేరికి నిప్పు కోసం కూడా రాలేదు. ఆ రైతు భార్య, దళంలో కలిసిన పిల్ల తల్లి, అంతకు ముందు కులాలు వేరైనా ఒకరినొకరు వదినె అని పిలుచుకునేవాళ్ళు. ఇప్పుడు ఒకరు బోరింగు దగ్గర కనబడితే రెండోవాళ్ళు బిందె తీసుకుని వెనక్కి తిరిగేవాళ్ళు. మీది గేరివాళ్ళు విత్తనం కొల్లాపురం మిషన్‌కు తోలారు. పంట పలచబడింది. కలిసి ఒలిచిన రోజుల్లో ఇట్లా ఉండేది కాదని ముసలమ్మలు గొణిగేవాళ్ళు.

సరే, మేమేం చేశామో వినండి. ఆ ఏడు ప్రభుత్వానికీ అన్నలకూ మధ్య చర్చలు జరుగుతున్నాయి. కాల్పులు ఆగాయి. రేడియోలో రోజూ అదే వార్త. మా పెద్దసారుకు ఉత్సాహం పొంగింది. మంచి మనిషే, కాకపోతే ఏ రోగానికైనా సభే మందనుకునే రకం. బడి ముందు షామియానా, మైకు, "మహిళా శాంతి సదస్సు" అని బ్యానరు, ముందు వరసలో ఆ ఇద్దరు ఆడవాళ్ళకూ కుర్చీలు. వాళ్ళను ఒప్పించి తీసుకొచ్చేసరికి నా ప్రాణం గొంతులోకి వచ్చింది. మా సభల్లో వచ్చిన ఆడవాళ్ళకు బొట్టుపెట్టి ఆహ్వానించడం అలవాటు. ఆ పని చేసేది గద్వాల దగ్గర గట్టు అనే ఊరి నుంచి వచ్చిన మా తోటి కార్యకర్త. నవ్వుతూ కుంకుమ పళ్ళెం పట్టుకుని వరసగా వస్తోంది. పిల్ల తల్లికి పెట్టింది. పక్క కుర్చీలో రైతు భార్య. భర్త పోయిన మనిషికి బొట్టు పెట్టకూడదు కదా. పుట్టింటి దగ్గర్నుంచి నేర్చుకున్నదే చేసింది, పళ్ళెం ఆమెను దాటి ముందుకు జరిగింది.

రైతు భార్య లేచింది. గొంతు పెంచలేదు. మైకు అక్కరలేకుండానే అందరికీ వినబడింది.

"నా బొట్టు దుడిసినోళ్ళ తల్లికి బొట్టు వెడ్తిరి. నన్ను దాటిపోతిరి. మంచిగున్నది మీ శాంతి."

అంతే, సభ లేచిపోయింది. పెద్దసారు ఇంకా ఉపన్యాసం కాగితాలు సర్దుకుంటూనే ఉన్నాడు. జీపులో తిరిగి వస్తుంటే గట్టు పిల్ల దారి పొడుగునా ఏడ్చింది. "యాకక్కా నేనిట్ల జేస్తి? చెయ్యి దానంతట అదే పోయె" అంది. ఏం చెప్పను? ఆ స్థానంలో మాలో ఎవరున్నా చెయ్యి అలాగే పోయేది. యుద్ధాలన్నీ అడవిలోనే జరుగుతాయనుకుంటాం గానీ, కుంకుమ పళ్ళెంలో కూడా ఒకటి ఉంటుంది. ఆ రోజు నుంచి మా సభల్లో బొట్టు పళ్ళెం బందయింది. దాని బదులు అందరికీ బుడ్డలు, బెల్లం ముక్క పెట్టేవాళ్ళం. ఆ ఆలోచన కూడా గట్టు పిల్లదే.

సభ చెడిన వారానికి పిల్ల తల్లి కొల్లాపురం బస్టాండులో నా కోసం కాచుకుని ఉంది. నుదుట బొట్టు లేదు. నేను అటే చూస్తుంటే, "నాకు పెట్టుకోబుద్ధి కాలే అక్కా" అంది. తర్వాత గొంతు తగ్గించింది.

"బిడ్డ మాట అంపింది. పానం మంచిగ లేదంట, జరమొచ్చి ఇడుస్తలేదంట. ఇంటికొస్త అంటుంది."

"వస్తే మంచిదే కదా. ఇప్పుడు ఎవరూ పట్టుకోవడం లేదు. కలెక్టరు ముందు హాజరుపరిచి తెచ్చుకుందాం."

"సర్కారుతోని భయం లే. మా ఊరితోని భయం. మీది గేరి ఆమె మరిది ఒట్టు వెట్టుకున్నడు, దాన్ని ఊర్ల కాలు వెట్టనియ్యనని. ఆమె ఒక్క మాటంటే వాడు ఆగుతడు. ఆమె అననంటే నా బిడ్డకు ఇల్లు లేదు." కొంగు నోట్లో కుక్కుకుంది. "నాకు దాన్ని సూడాలని ఉంది అక్కా. ఒక్కపారి తలకు నీళ్ళు వోసి పండవెట్టాలని ఉంది."

నేను రైతు భార్య దగ్గరికి వెళ్ళాను. కొరివితో తల గోక్కోవడమే అనుకుంటూనే వెళ్ళాను. ఆమె వాకిట్లో బుడ్డల సంచుల మధ్య కూర్చుని ఉంది. దుక్కి దున్ని ఉంది, పదును ఆరిపోతోంది, ఒలిచే చేతులు లేవు. నేను విషయం చెప్పాను. నేను లేచి చెప్పులేసుకుంటుంటే అప్పుడంది.

"రమ్మను."

"పిల్లనా?"

"తల్లిని. బుడ్డలు ఒల్వనీకె రమ్మను. మాట్లాడనీకె గాదు."

ఆ మాట మోసుకుని కింది గేరికి పోయాను. ఆ తల్లయినా వస్తుందని నాకు నమ్మకం లేదు. మర్నాడు పొద్దున ఆమె ఒక్కతే కాదు, కింది గేరి ఆడవాళ్ళంతా ఒక్కొక్కరే కొంగు దోపుకుని ఎక్కి వచ్చారు. మీది గేరివాళ్ళు చాపలు పరిచారు. ఎవరి వంతు వాళ్ళ ముందు పోశారు. నాకూ ఒక కుప్ప పోశారు. ఉద్యోగినినని దయ చూపలేదు. చిన్నదేం కాదు ఆ కుప్ప. ఆ ఇద్దర్నీ ఎవరు కూర్చోబెట్టారో తెలియదు గానీ, పాత పద్ధతిలోనే, పక్కపక్కన కూర్చోబెట్టారు.

పొద్దెక్కేదాకా ఎవరూ మాట్లాడలేదు. పట్ పట్‌మని కాయలు పగిలే చప్పుడు, చేటలో గింజలు రాలే చప్పుడు. అంతమంది ఆడవాళ్ళు మాట్లాడకుండా కూర్చోవడం నేను జన్మలో అదే చూడటం. మరిది వాకిలి తడక దగ్గర చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. నా వేలు పొక్కింది. మిషన్‌ను కనిపెట్టినవాడికి మనసులోనే దండం పెట్టుకున్నాను.

రెండోసారి టీ పోశాక, చేతులు ఆపకుండా, తల ఎత్తకుండా, రైతు భార్య అడిగింది.

"ఆ పొద్దు నీ బిడ్డ ఉండెనా?"

చప్పుడు ఒక్కసారిగా ఆగిపోయింది. లేదంటే అబద్ధమంటుంది, ఉందంటే అంతా అక్కడితో సరి. పిల్ల తల్లి చేతిలో కాయ అలాగే ఉంది.

"తెల్వదు వదినె" అంది. "ఉన్నదని అనను, లేదని అనను. నేను గూడ దాన్ని అడగాలె. అడగాలంటే అది ఇంటికి రావాలె గద."

వదినె అన్న మాట ఆ వాకిట్లో ఎన్నేళ్ళ తర్వాత వినబడిందో. రైతు భార్య ఇంకో కాయ చేతిలోకి తీసుకుంది. తర్వాత మాట్లాడింది, మాతో కాదు, తన ముందున్న కుప్పతో మాట్లాడినట్టు.

"ఎవలు సంపిండ్రో నాకెందుకు? తెల్సుకోని ఏం జేస్త? ఈడికెల్లి తీస్కపోయినంక ఆయన ఏమన్నడో, అదొక్కటి తెల్వాలె నాకు. పిల్లల పేరు తీసిండా? నీళ్ళడిగిండా? ఎంబడి పోయినోళ్ళకే ఎర్క. ఇన్నేండ్ల నుంచి పంటే గదే, లేస్తే గదే." ఒక కాయ పగలగొట్టింది. "రమ్మను నీ బిడ్డను. ఇగో, ఈడ నా ముందట కూసోని ఒల్వాలె. అప్పుడడుగుత."

మరిది తడక దగ్గర్నుంచి "వదినె, ఏం మాట్లాడుతున్నవ్" అన్నాడు.

"నువ్వు పోయి గొర్రు తయారు జేస్కో. ఎల్లుండి ఇత్తనం వడాలె. ఆయన నాకు మొగడు. పోయింది నా మనిషి. రానియ్యాల్నా వద్దా నేను జెప్త."

అతను ఇంకేదో అనబోయాడు. అంతమంది ఆడవాళ్ళు ఒక్కసారిగా అతని వైపు చూశారు. వెళ్ళిపోయాడు. ఆమె లేచి, ఒక ఖాళీ చేట తీసుకుని, దోసిళ్ళతో బుడ్డలు పోసి మూలకు పెట్టింది. "ఇది ఆ పిల్ల వంతు" అంది. పిల్ల తల్లి అప్పుడు ఏడ్చింది. ఆమె ఏడుస్తుంటే ఎవరూ ఓదార్చలేదు. మళ్ళీ ఒలవడం మొదలుపెట్టారు, కాసేపటికి మాటలూ మొదలయ్యాయి. ఆ కలకలం ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. మొన్న సూపర్‌మార్కెట్‌లో ఒలిచిన గింజల ప్యాకెట్టు కొంటూ ఎందుకో కళ్ళలో నీళ్ళు తిరిగాయి. డబ్బులు తీసుకునే అబ్బాయి కంగారుపడ్డాడు.

మాట అడవికి ఎట్లా పోయిందో నేను అడగలేదు. అడగకూడదని నేర్చుకున్నాను. పోయింది, తిరిగి జవాబు కూడా వచ్చింది. "బుడ్డలు పూతకొచ్చే యాళ్ళకు వస్త" అని. ఆ నెలన్నర నా ఉద్యోగంలోనే మంచికాలం. పిల్ల తల్లి ఇల్లు అలికింది, పాత గాజుల పెట్టె తుడిచి పెట్టింది. నేను కలెక్టరు ఆఫీసులో ఎవరితో మాట్లాడాలో మాట్లాడి పెట్టాను. ఆ ఇద్దరూ రోజూ చేను దగ్గరికి పోయేవాళ్ళు. ఆకుల కింద పసుపుపచ్చని పూలు వచ్చాయా అని ఒకరు తల వంచి చూస్తే, రెండోవాళ్ళు అడవి దారి చూసేవాళ్ళు. ఒకామెకు బిడ్డ కావాలి. ఒకామెకు భర్త ఆఖరి మాట కావాలి. రెండూ ఒకే పిల్ల దగ్గర ఉన్నాయి.

పూత వచ్చింది. అదే సమయానికి చర్చలు చెడిపోయాయని రేడియో చెప్పింది. మళ్ళీ జీపులు తిరిగాయి, మళ్ళీ తుపాకులు పేలాయి. పిల్ల రాలేదు.

మాటా రాలేదు. ఎదురుకాల్పులన్న వార్త వినబడినప్పుడల్లా శవాలు తెచ్చిన దవాఖానకు పిల్ల తల్లి పరుగెత్తేది. ఒకసారి నేను బస్సు కోసం నిలబడితే, దవాఖానకు పోయి వస్తూ ఎదురుగా దిగారు. ఇద్దరు. రైతు భార్య ఆమె భుజం పట్టుకుని దింపుతోంది. నేను నోరు తెరిచేలోపే రైతు భార్య అంది.

"మన పిల్ల గాదు."

పిల్ల తల్లికి ఆ మాట వినబడిందో లేదో తెలియదు. నాకు వినబడింది. ఈ ఉద్యోగం ఎందుకు చేశావని ఎవరైనా అడిగితే ఆ మాట కోసమని చెప్పుకుంటాను. అది నేను చేసిన పని కాదు, అయినా చెప్పుకుంటాను.

తర్వాత నన్ను గద్వాల వైపు బదిలీ చేశారు. గట్టు మండలంలో నీళ్ళ గొడవలు, వలస గొడవలు, పెళ్ళిళ్ళ గొడవలు. ఏళ్ళు గడిచాయి, పదవీ విరమణ అయింది. పెద్దసారు పోయారు. గట్టు పిల్ల ఇప్పుడు మనుమలను ఎత్తుకుంటోంది. పిల్ల తల్లి కొన్నేళ్ళ క్రితం కన్నుమూసిందని ఎవరో ఫోనులో చెప్పారు. ఆఖరి దాకా పాత గాజుల పెట్టె తలాపునే ఉంచుకుందట.

పోయిన యాసంగికి ఉండబట్టలేక ఆ ఊరికి వెళ్ళాను. సిమెంటు రోడ్డు వేశారు. సోమశిలలో పడవ షికారుకు పోయే కార్లు పక్కనుంచి దూసుకుపోతున్నాయి. విత్తనం ఇప్పుడు సంచుల్లో కొనుక్కొస్తున్నారు, వాకిళ్ళలో ఎవరూ కూర్చోవడం లేదు. అడవి మాత్రం అలాగే నీలంగా ఉంది. రైతు భార్య ముసలిదయింది. నన్ను గుర్తుపట్టి, "ఏందక్కా, గిన్నొద్దులకు యాదికొస్తిమా" అని చేయి పట్టుకుంది. మూలన చేటలో బుడ్డలున్నాయి.

నేను చేట వైపు చూడటం ఆమె చూసింది. "ఏటేట పంట రాంగనే మారుస్త" అంది. "పాతవి ఇత్తనానికి ఒలుస్త, కొత్తవి పెడ్త. పురుగు వట్టద్దు గద."

అడగకూడదని తెలిసీ అడిగాను. "ఇంకా వస్తదంటావా?"

"సచ్చిందని ఎవలన్న జెప్పిండ్రా? తల్లి పోయింది. ఎదురుసూసెటిదాన్ని ఇప్పుడు నేనొక్కదాన్నే. నేను గూడ ఇడిస్తే ఇగ దానికి ఊరు యాడుంది?"

"వస్తే అదే అడుగుతవా?"

"అడుగుత. అడగక ఇడువను." కాసేపు వాకిలి వైపు చూసింది. గొంతు కొంచెం తగ్గింది. "గని అంత దూరం నడిసి వచ్చినోళ్ళను నిలవెట్టి అడుగుతరా అక్కా? ముందు కూసోవెట్టాలె."

చేట పక్కన ఒక పీట వాల్చి ఉంది. నన్ను దాని మీద కూర్చోమనలేదు. నాకు చాప వేసింది.